ఎల్‌ఓఆర్ ఎవర్ని అడగాలి? పేరున్న సారునా, మన పేరు తెలిసిన సారునా?

"మేడం, రికమెండేషన్ లెటర్ కావాలి" అంటూ ఎవరైనా మా స్టాఫ్‌రూము గుమ్మంలో నిలబడితే పక్క టేబుల్ సారు ప్రతిసారీ ఒకటే జోకు వేస్తారు: "దర్శనానికా, చదువుకా?" గుంటూరులో ఆ అనుమానం రావడంలో తప్పేం లేదు. మన దగ్గర సిఫార్సు లేఖ అనగానే ముందు గుర్తొచ్చేది తిరుమల బ్రేక్ దర్శనానికి ఎమ్మెల్యే గారు ఇచ్చే లెటరే. అందులో మన గురించి ఏం రాశారన్నది ఎవరికీ పట్టదు. కింద సంతకం ఎవరిది, అంతే.

విదేశాలకి ఎమ్మెస్ చదవడానికి వెళ్లే పిల్లలు ఎల్‌ఓఆర్‌ని (లెటర్ ఆఫ్ రికమెండేషన్, అంటే యూనివర్సిటీకి పంపే సిఫార్సు లేఖని) కూడా ఇదే తక్కెట్లో వేస్తారు. ప్రిన్సిపాల్ గారి సంతకం దొరికితే అదృష్టం, హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) గారిదైతే ఒక మెట్టు కింద, ల్యాబ్‌లో రోజూ కనబడే అసిస్టెంట్ ప్రొఫెసర్‌దైతే "సర్లే, ఇంకెవరూ దొరక్కపోతే". కానీ ఆ యూనివర్సిటీలో ఉత్తరం చదివేవాళ్లకు మన ప్రిన్సిపాల్ గారెవరో తెలీదు. తెలుసుకునే అవసరమూ లేదు. వాళ్లు వెతికేది సాక్షిని. మీరు పని చేస్తుండగా చూసినవాళ్లెవరు, ఏం చూశారు అన్నది వాళ్లకు కావాలి.

నేను గుంటూరు పక్కనే ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) చెబుతాను. ఏటా ఆగస్టు నుంచి డిసెంబరు దాకా ఈ ఉత్తరాలు రాస్తూనే ఉంటాను. కొన్ని బాగా రాశాను. కొన్ని తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఎవర్ని అడగాలన్న ప్రశ్న టేబులుకి మా వైపు నుంచి ఎలా కనబడుతుందో చెబుతాను.

ముందు ఫారం చదవండి

అమెరికాలో ఎమ్మెస్‌కి చాలా యూనివర్సిటీలు మూడు ఉత్తరాలు అడుగుతాయి, కొన్ని రెండుతో సరిపెడతాయి. బ్రిటన్‌లో మాస్టర్స్‌కి ఎక్కువగా ఒకటో రెండో. జర్మనీలో కొన్ని కోర్సులకు అసలు అక్కర్లేదు. కాబట్టి మొదటి పని, మీ యూనివర్సిటీల జాబితా ముందేసుకుని ఒక్కో డిపార్ట్‌మెంట్ పేజీ తెరిచి, ఎన్ని అడిగారు, ఎవరి దగ్గర్నుంచి అడిగారు (పాఠం చెప్పినవాళ్లే కావాలా, ఆఫీసు మేనేజర్ అయినా సరిపోతుందా) అన్నది కాగితం మీద రాసుకోవడం. విజయవాడ బెంజి సర్కిల్‌లోనో గుంటూరు బ్రాడీపేటలోనో విదేశీ చదువుల కన్సల్టెన్సీ కుర్రాడు నోటితో చెప్పింది రాసుకోవద్దు, ఆ పేజీలో ఉన్నది రాసుకోండి.

ఇక్కడ పిల్లలు చూడని సంగతి ఇంకోటుంది. మీరు దరఖాస్తులో సారు పేరు, హోదా, ఈమెయిల్ ఇవ్వగానే పోర్టల్ నుంచి ఆయనకే నేరుగా ఒక లింకు వెళ్తుంది. ఆ లింకు తెరిస్తే ఉత్తరం ఎక్కించే చోటొక్కటే ఉండదు. చాలాసార్లు ప్రశ్నలూ ఉంటాయి. ఈ విద్యార్థి మీకు ఎన్నాళ్లుగా తెలుసు? ఏ విధంగా తెలుసు? ఆ తర్వాత ఒక పట్టిక. విషయ పరిజ్ఞానం, సొంతంగా పని చేసే శక్తి, రాసే నేర్పు, నలుగురితో కలిసి పని చేసే తీరు, ఇలా ఒక్కోదానికి ఎదురుగా గళ్లు: మీరు చదువు చెప్పినవాళ్లలో పై 5 శాతమా, 10 శాతమా, 25 శాతమా. చివర్లో చాలావాటిలో ఇంకో గడి ఉంటుంది, "చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు" అని. మీ ముఖం కూడా సరిగ్గా గుర్తులేని పెద్దాయన నిజాయితీపరుడైతే టిక్కు పెట్టాల్సింది ఆ గడిలోనే. నిజాయితీ కాస్త పక్కన పెడితే అన్నిటికీ పై 5 శాతమని వరసగా కొట్టేస్తారు. అలాంటి పట్టికలు వందలు చూసినవాళ్లకు అది కనిపెట్టడం ఎంతసేపు?

నోటుబుక్కులో ఒక పేజీ

ఇప్పుడు 1-1 (మొదటి ఏడాది మొదటి సెమిస్టర్) నుంచి 4-2 దాకా మీకు పాఠం చెప్పినవాళ్లు, ల్యాబ్ చూసినవాళ్లు, ప్రాజెక్టు గైడు, మెంటరు, టెక్నికల్ ఫెస్ట్ ఇన్‌ఛార్జి, అందరి పేర్లూ ఒక వరసలో రాయండి. హోదాలు రాయొద్దు. ఒక్కో పేరుకి ఎదురుగా ఆ సారు మీ గురించి చెప్పగలిగే ఒక సంఘటన రాయండి. మీకు ఆయన గురించి గుర్తున్నది కాదు, ఆయనకు మీ గురించి గుర్తుండేది. "బాగా చదువుతాడు" అనేది సంఘటన కాదు.

రాస్తుంటే సగం పేర్ల ఎదురుగా ఖాళీ మిగులుతుంది. అదేం తప్పు కాదు. అరవై, డెబ్భై మంది ఉన్న సెక్షన్లో మాకు చాలామంది జేఎన్టీయూ కాకినాడ రోల్ నంబరులో చివరి రెండు అక్షరాలుగానే తెలుసు. మిమ్మల్ని చూసి రోల్ నంబరు కాకుండా పేరు గుర్తొచ్చేవాళ్లు నలుగురైదుగురు ఉంటే గొప్పే. మీ జాబితా ఆ నలుగురైదుగురే.

సంఘటన అంటే ఎలా ఉంటుందో ఒకటి చెబుతాను. 3-2 మైక్రోకంట్రోలర్స్ ల్యాబ్. ఏప్రిల్ మధ్యాహ్నం, పై అంతస్తు, స్లాబు వేడి నెత్తిన దిగుతోంది, ఏసీ లేదు. అల్ట్రాసోనిక్ సెన్సర్‌తో దూరం కొలిచే ప్రయోగం. గోడ నుంచి టేపు పెట్టి సరిగ్గా రెండు మీటర్ల దగ్గర బోర్డు పెట్టాలి, డిస్‌ప్లే మీద 200 రావాలి. బ్యాచీలన్నీ రికార్డులో 200 అనో 199.6 అనో వేసేసి సంతకాలు పెట్టించుకుని నాలుగున్నర బస్సు కోసం దిగిపోయాయి. ఒకమ్మాయి మాత్రం అబ్జర్వేషన్‌లో 193 అని రాసింది. మూడుసార్లు కొలిచి మూడుసార్లూ 193 అనే రాసింది. "మేడం, టేపు తప్పా, సెన్సర్ తప్పా?" అని అడిగింది. రెండూ కాదు. ప్రోగ్రాంలో శబ్దవేగం సెకనుకు 343 మీటర్లని వేసుంది. అది 20 డిగ్రీల దగ్గరి లెక్క. మన ల్యాబ్‌లో ఆ పూట 40. అక్కడ శబ్దం దాదాపు 355 మీటర్ల వేగంతో పోతుంది, ప్రతిధ్వని ముందే తిరిగొస్తుంది, గోడ దగ్గరున్నట్టు చూపిస్తుంది. ఆ లెక్క నేను చెప్పలేదు. "రేపు పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు మళ్లీ కొలిచి చూడమ్మా" అన్నాను, అంతే. మర్నాడు మొదటి పీరియడ్‌కి ముందే వచ్చి కొలిచింది. అంకె కాస్త పైకి పోయింది. ఇంకో వారానికి ఉష్ణోగ్రత సెన్సర్ ఒకటి తగిలించి ప్రోగ్రాం మార్చుకుని తెచ్చింది.

రెండేళ్ల తర్వాత ఆ అమ్మాయి ఎల్‌ఓఆర్ అడిగితే నాకు రాయడానికి అరగంట కూడా పట్టలేదు. నా సబ్జెక్టులో తనకి వచ్చిన గ్రేడేమిటో చూసుకోవాల్సి వచ్చింది గానీ, 193 మాత్రం చూసుకోనక్కర్లేదు.

సిగ్గుపడే ఉత్తరం సంగతీ చెప్పాలి. ఒకబ్బాయికి నా సబ్జెక్టులో పదికి పది. క్లాసులో ఎప్పుడూ కిటికీ పక్కన కూర్చునేవాడు, నాలుగు నెలల్లో ఒక్క ప్రశ్న అడిగినట్టు గుర్తులేదు. పది పాయింట్లు వచ్చిన సబ్జెక్టు కాబట్టి నన్నే అడిగాడు. కాదనలేక ఒప్పుకున్నాను. రాయబోతే మార్కుల మెమో తప్ప నా దగ్గర ఏమీ లేదు. సిన్సియర్, పంక్చువల్, హార్డ్‌వర్కింగ్ అని మూడు మాటలు పడేసి ముగించాను. ఆ మార్కులు ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఎలాగూ ఉన్నాయి. తర్వాత తెలిసింది, అదే అబ్బాయి మా పక్క గదిలో ఇంకో సారు దగ్గర రెండు నెలల పాటు సాయంత్రాలు కూర్చుని పాడైపోయిన కిట్లన్నీ ఒక్కోటి విప్పి బాగుచేశాడట. ఆ సార్ని అడగలేదు. ఎందుకంటే ఆయన సబ్జెక్టులో వీడికి వచ్చింది ఏడు.

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. ఎక్కువ మార్కులొచ్చిన సబ్జెక్టు వేరు, మిమ్మల్ని ఎక్కువ చూసిన సారు వేరు. సిగ్నల్స్ సబ్జెక్టులో ఒకసారి ఫెయిలై, మళ్లీ రాసి, మధ్యలో పది సార్లు డౌట్లకి వచ్చిన పిల్లాడి గురించి నేను ఒక పేజీ నిండా రాయగలను. అలాగని ఫెయిలైన సబ్జెక్టు సార్నే వెతుక్కుని వెళ్లమనడం లేదు. మూడింట్లో ఒకటి అలాంటిది ఉంటే నష్టం లేదు, అంతే.

హెచ్‌ఓడీ గారి సంగతి

హెచ్‌ఓడీ గారు మీకు పాఠం చెప్పి ఉంటే, ప్రాజెక్టు రివ్యూల్లో మిమ్మల్ని కూర్చోబెట్టి ప్రశ్నలేసి ఉంటే, నిక్షేపంగా అడగండి. హోదా, పరిచయం రెండూ కలిసొచ్చినప్పుడు వదులుకోవడమెందుకు. హోదా ఒక్కటే ఉంటే మాత్రం వద్దు. నూట ఎనభై మంది ఫైనలియర్ పిల్లల్లో నలభై మంది ఆయన గది ముందు నిలబడితే, ఆయన కంప్యూటర్లో ఒక ఫైలు ఉంటుంది, అందులో పేరు మారుతుంది, "హీ" తీసేసి "షీ" పెడతారు. ఒకే కాలేజీ నుంచి ఒకే యూనివర్సిటీకి అయిదుగురు అప్లై చేస్తే అక్కడ ఒకే టేబుల్ మీద ఆ అయిదూ పక్కపక్కన పడే అవకాశం ఉంది.

"అడక్కపోతే ఆయనేమన్నా అనుకుంటారేమో మేడం" అని అడుగుతారు. అనుకోరు. చెప్పకుండా చేస్తే అనుకుంటారు. చాలా కాలేజీల్లో లెటర్‌హెడ్ వాడాలంటే డిపార్ట్‌మెంట్‌కి చెప్పాలి, ఒక్కొక్కరికీ ఇన్ని ఉత్తరాలే అన్న లెక్క కూడా కొన్నిచోట్ల ఉంటుంది. అందుకని వెళ్లి, "సార్, ఫలానా ముగ్గురిని అడుగుదామనుకుంటున్నాను, మీ సలహా ఏమిటి" అనండి. పెద్దరికం నిలబడుతుంది, మీ పనీ అవుతుంది. ఒక్కోసారి ఆయనే, "ఆయన్ని కాదు, ఈవిడని అడుగు, బాగా రాస్తుంది" అని మంచి మాట చెబుతారు.

అసలు జాబితాలోనే ఉండకూడనివాళ్లు: అదే కాలేజీలో పనిచేసే బాబాయి, కోచింగ్ సెంటర్ సారు, నాన్నగారికి తెలిసిన ఎమ్మెల్యే, ఊళ్లో పెద్ద డాక్టరు గారు. దర్శనం లెటర్ కాదిది.

ముగ్గురూ ఒకటే మాట చెబితే

మూడు ఉత్తరాలూ "తెలివైనవాడు, కష్టపడతాడు" అంటే ఒక ఉత్తరం మూడుసార్లు పంపినట్టే. నేనైతే ఇలా కలుపుతాను. ప్రాజెక్టు గైడు ఒకరు, ఎందుకంటే 4-2లో మిమ్మల్ని నెలల తరబడి చూసేది ఆయనే (చూసి ఉంటేనే సుమా, హైదరాబాదులో కొనుక్కొచ్చిన ప్రాజెక్టుకి గైడు సంతకం ఎంత విలువో మీకూ తెలుసు, ఆయనకీ తెలుసు). మీరు చదవబోయే రంగానికి దగ్గరి సబ్జెక్టు చెప్పినవాళ్లు ఒకరు. వీఎల్‌ఎస్‌ఐకి (చిప్ డిజైన్‌కి) వెళ్తూ ఆ సబ్జెక్టు సారు దగ్గర్నుంచి ఒక్క మాటా లేకపోతే చదివేవాళ్లకి అనుమానం వస్తుంది. మూడోవారు మిమ్మల్ని వేరే కోణంలో చూసినవాళ్లు. ల్యాబ్‌లోనో, ఇంటర్న్‌షిప్‌లోనో, ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపులోనో. ఎన్‌ఎస్‌ఎస్ అనగానే నవ్వకండి. మీరు పదిమందిని కూడగట్టి పని చేయించగలరని ప్రాజెక్టు గైడు రాయలేకపోవచ్చు, ఆ ఆఫీసరు రాయగలరు. కాకపోతే మూడింట్లో కనీసం రెండు చదువు గురించే ఉండాలి.

అడిగే ముందు నాలుగు ఆరాలు

సారు ఎంత మంచివారైనా ఆయన ఈమెయిల్ చూడరనుకోండి, మీ దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. కాలేజీ డొమైన్‌తో అధికారిక ఈమెయిల్ ఉందా, అది ఆయన ఫోన్‌లో తెరుచుకుంటుందా అన్నది ముందే కనుక్కోండి. జీమెయిల్ ఇస్తే కొన్ని యూనివర్సిటీలు ఒప్పుకోవు, ఒప్పుకున్నా అనుమానంగా చూస్తాయి. రెండోది, ఆయన పీహెచ్‌డీ సెలవులో ఉన్నారా, వచ్చే నెల వేరే కాలేజీకి వెళ్లిపోతున్నారా. మన దగ్గర వడ్లమూడి నుంచి వడ్డేశ్వరానికి, కానూరు నుంచి చౌడవరానికి సార్లు మారుతూనే ఉంటారు. మారితే మునిగిపోయేదేం లేదు. ఇప్పుడున్న కాలేజీ హోదా, ఈమెయిల్ వాడి, "ఫలానా సంవత్సరాల్లో ఫలానా కాలేజీలో ఇతనికి పాఠం చెప్పాను" అని రాస్తే సరిపోతుంది. పాత కాలేజీ లెటర్‌హెడ్ మీద రాయమని బతిమాలొద్దు.

మూడోది, ఈ ఏడాది ఆయన ఎంతమందికి ఒప్పుకున్నారు. నాలుగోది, ఆయన ఇంగ్లిష్. ఇది చెప్పడానికి మొహమాటంగానే ఉంది. భాష గొప్పగా ఉండక్కర్లేదు, ఒకటి రెండు తప్పులున్నా పర్లేదు. సొంతంగా నాలుగు వాక్యాలు రాసే అలవాటున్న మనిషి అయితే చాలు.

ఎలా అడగాలి

వాట్సాప్‌లో "గుడ్ మార్నింగ్ మేడం, ఎల్‌ఓఆర్ ప్లీజ్" అని పంపకండి. మనిషి ఎదురుగా వెళ్లండి, మధ్యాహ్నం క్లాసులయ్యాక, స్టాఫ్‌రూములో పది మంది ముందు కాకుండా కాస్త పక్కన. నిలబడి అడిగేది ఒక్క ప్రశ్నే: "మేడం, నేను ఎమ్మెస్‌కి అప్లై చేస్తున్నాను. నా పని గురించి వివరంగా రాయగలిగినంత మీకు తెలుసనిపిస్తేనే, ఒక ఎల్‌ఓఆర్ ఇస్తారా?" ఆ "అనిపిస్తేనే" అన్న మాట ముఖ్యం. దానివల్ల నాకు తప్పుకునే దారి దొరుకుతుంది. ఆ దారి లేక ఒప్పుకుని రాసిన ఉత్తరమే పైన చెప్పిన మూడు మాటల ఉత్తరం.

జవాబు వినడం కూడా తెలియాలి. "ఎప్పటికి కావాలి, ఎన్ని యూనివర్సిటీలు?" అని వెంటనే అడిగారంటే ఒప్పుకున్నట్టే. "చూద్దాం", "ఇంకెవర్నన్నా అడిగావా?", "హెచ్‌ఓడీ గారైతే బాగుంటుంది కదా" అన్నారంటే మర్యాదగా వద్దంటున్నారని అర్థం. మన ఊళ్లో మాస్టార్లు మొహం మీద వద్దనరు. పట్టుబట్టి ఒప్పించుకోకండి. "సరే సార్, థాంక్యూ" అని జాబితాలో రెండో పేరు దగ్గరికి వెళ్లండి.

ఎన్ని యూనివర్సిటీలో దాచకుండా చెప్పండి. "నాలుగే సార్" అని మొదలుపెట్టి పన్నెండు లింకులు పంపినవాళ్లున్నారు. ఆరేడు వరకు ఎవరూ విసుక్కోరు.

"డ్రాఫ్ట్ నువ్వే రాసుకురా" అంటే?

మన కాలేజీల్లో సగం మంది అనేది ఇదే. టైం లేకే అంటారు. మిడ్ పేపర్లు, ల్యాబ్ ఎక్స్‌టర్నల్స్, కాలేజీకి గ్రేడు ఇచ్చే న్యాక్ తనిఖీ ఫైళ్లు నెత్తిమీద ఉంటాయి. పిల్లలేమో వెంటనే కన్సల్టెన్సీకి పరుగెత్తి మూడు టెంప్లేట్లు తెచ్చుకుంటారు. మూడు ఉత్తరాలూ ఒకే చేత్తో రాసినట్టు, ఒకే "ఐ యామ్ ప్లీజ్డ్ టు రికమెండ్"తో మొదలవుతాయి. కొన్ని పోర్టళ్లు, ఈ ఉత్తరం నేనే రాశానని సారు చేత ఒప్పుకోలు టిక్కు కూడా పెట్టిస్తాయి. మీ డ్రాఫ్టు మీద ఆయన ఆ టిక్కు పెడితే అబద్ధం ఆయన ఖాతాలో పడుతుంది.

కాబట్టి ఉత్తరం రాసివ్వకండి, సరుకు ఇవ్వండి. ఒకే పేజీ: ఏ సెమిస్టర్లో ఏ సబ్జెక్టు చెప్పారు, మీ గ్రేడు, ఆయన ల్యాబ్‌లోనో క్లాసులోనో జరిగిన రెండు మూడు సంగతులు తేదీలతో సహా, ప్రాజెక్టులో మీ వంతు ఏమిటి (బ్యాచ్‌ది కాదు, మీది), ఏ కోర్సుకి వెళ్తున్నారు, ఎందుకు. దానికి రెజ్యూమె, మార్కుల మెమోలు, ఎస్‌ఓపీ (ఆ కోర్సు ఎందుకో మీరు రాసుకునే వ్యాసం) జత చేయండి. యూనివర్సిటీ పేరు, లింకు వచ్చే తేదీ, గడువు తేదీ వరసగా ఇంకో కాగితం మీద పెట్టండి. "సార్, డ్రాఫ్ట్ బదులు పాయింట్లు తెచ్చాను, మీకు నచ్చినవే రాయండి" అంటే చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. నేనైతే ఆ పేజీ చూసి అప్పటికప్పుడు గుర్తొచ్చినవి ఫోన్‌లో వాయిస్ రికార్డ్ చేసుకుంటాను. అందులోంచే సగం ఉత్తరం వస్తుంది.

ముగ్గురికీ అదే పేజీ జిరాక్సు తీసి ఇవ్వకండి. ముగ్గురికీ మూడు వేర్వేరు పేజీలు.

ఇంకొకటి. సారు పేరుతో దొంగ జీమెయిల్ తెరిచి, లింకు దానికే రప్పించుకుని, కన్సల్టెన్సీలోనే ఉత్తరం ఎక్కించేసే పద్ధతి ఉంది. "అందరూ చేస్తున్నదే" అంటారు. దరఖాస్తు చివర మీరు పెట్టే సంతకంలోనే, తప్పుడు సమాచారమని తేలితే ఇచ్చిన అడ్మిషన్ కూడా రద్దు చేస్తామని రాసుంటుంది. చదివి మరీ సంతకం పెట్టండి.

ఇంటర్ తర్వాతే బయటికి వెళ్లేవాళ్లు

బీటెక్ ఇక్కడ కాకుండా నేరుగా అమెరికాలో డిగ్రీకి వెళ్లే పిల్లలు విజయవాడలో ఇప్పుడు కొందరు కనబడుతున్నారు. వాళ్ల చిక్కు వేరు. కామన్ యాప్ అనే ఉమ్మడి దరఖాస్తు ఏటా ఆగస్టు 1న తెరుచుకుంటుంది. అందులో టీచర్ ఒక్కసారి ఎక్కించిన ఉత్తరమే మీరు పెట్టిన కాలేజీలన్నిటికీ పోతుంది. దాంతోపాటు స్కూల్ కౌన్సెలర్ రాసేదొకటి ఉంటుంది. మన ఇంటర్ కాలేజీల్లో అలాంటి కౌన్సెలర్ ఉండరు కాబట్టి ఆ పని మామూలుగా ప్రిన్సిపాల్ గారిదే. ఇక్కడ మాత్రం ఆయన సంతకం తప్పనిసరి అవసరమే, పైన అన్నదానికి ఇది మినహాయింపు.

ఎంఐటీ రెండు ఉత్తరాలు కోరుతుంది: ఒకటి మ్యాథ్సో సైన్సో చెప్పినవారి దగ్గర్నుంచి, రెండోది హ్యుమానిటీస్, సోషల్ సైన్సెస్, భాష, వీటిలో ఏదో ఒకటి చెప్పినవారి దగ్గర్నుంచి. ఎంపీసీ పిల్లలు ఇక్కడ కంగారుపడతారు, సోషల్ ఎప్పుడో టెన్త్‌తోనే అయిపోయింది కదా. మీకు ఇంగ్లిష్ లెక్చరర్ ఉన్నారు, చాలామందికి సంస్కృతమో తెలుగో చెప్పినవారూ ఉంటారు. వాళ్ల పీరియడ్‌లో ఫిజిక్స్ లెక్కలు చేసుకునే అలవాటున్న కాలేజీల్లో పెరిగినందుకు వాళ్లు మీకు గుర్తురారు, అంతే. ఫస్టియర్ నుంచే ఆ పీరియడ్‌లో తలెత్తి కూర్చోండి, ఒక వ్యాసం రాసి దిద్దించుకోండి. క్యాంపసులు తరచూ మార్చేస్తుంటారు కాబట్టి లెక్చరర్ ఫోన్ నంబరు, ఈమెయిల్ ఇప్పుడే తీసి పెట్టుకోండి.

బ్రిటన్‌కైతే యూకాస్ (అక్కడి ఉమ్మడి దరఖాస్తు) ద్వారా ఒక్క రెఫరెన్సే. బర్క్‌లీ, యూసీఎల్‌ఏ లాంటివి ఉన్న యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా డిగ్రీ అడ్మిషన్‌కి దరఖాస్తుతో పాటు ఉత్తరాలు అడగదు. వద్దన్నచోటికి పంపకండి.

ఉద్యోగంలో ఉన్నవాళ్లు

మూడేళ్లు ఉద్యోగం చేసి ఎమ్మెస్‌కి వెళ్తుంటే ఒక ఉత్తరం మీ పని నేరుగా చూసిన టీమ్ లీడ్‌దో మేనేజర్‌దో పెట్టుకోండి. వైస్ ప్రెసిడెంట్ గారి వెంటపడొద్దు, అది హెచ్‌ఓడీ గారి కథే. కంపెనీ లెటర్‌హెడ్ ఇవ్వదేమో ముందే కనుక్కోండి. కాలేజీ సార్లకి ఫోన్ చేసేముందు ఫొటో, బ్యాచ్, రోల్ నంబరు, చేసిన ప్రాజెక్టు పేరు పంపండి. "గుర్తున్నానా సార్?" అని పరీక్ష పెడితే గుర్తులేనివాళ్లు కూడా మొహమాటానికి "ఆఁ గుర్తున్నావమ్మా" అంటారు, అది మీకే నష్టం. శనివారం మధ్యాహ్నం కాలేజీకే వచ్చి కూర్చుంటే ఇంకా మంచిది.

తేదీలు, ఆ తర్వాత

ఫాల్‌కి (ఆగస్టు, సెప్టెంబరుల్లో మొదలయ్యే సెమిస్టర్‌కి) అప్లై చేసేవాళ్లకు గడువులు ఎక్కువగా డిసెంబరు 1, డిసెంబరు 15, జనవరి చుట్టూ ఉంటాయి. మాకు సెమిస్టర్ పరీక్షలూ, పేపర్లు దిద్దడమూ అప్పుడే. ఆగస్టులో అడగండి, సెప్టెంబరులో కాగితాలివ్వండి, గడువుకి మూడు వారాల ముందు లింకులు పంపండి. లింకు పంపిన రోజే "సార్, స్పామ్‌లో కూడా చూడండి" అని ఒక మెసేజ్. వారం ముందు ఒకసారి గుర్తుచేయండి, రెండు రోజుల ముందు ఇంకోసారి. దాన్ని ఎవరూ తప్పుగా తీసుకోరు, మేం నిజంగానే మర్చిపోతాం.

అమెరికా ఫారంలో, ఈ ఉత్తరం చూసే హక్కు వదులుకుంటున్నారా అని ఒక ప్రశ్న వస్తుంది. 1974 నాటి ఫెర్పా అనే చట్టం వల్ల వచ్చింది. వదులుకుంటున్నానని పెట్టండి. విద్యార్థి చూడడని తెలిస్తేనే చదివేవాళ్లు ఉత్తరాన్ని నమ్ముతారు. మాలో కొందరు అది పెట్టకపోతే రాయనే రాయరు. పెట్టాక "మేడం, ఏం రాశారు, ఒక్కసారి చూపించరా?" అని వెనకాల తిరగొద్దు.

ఉత్తరం ఇవ్వకముందు స్వీట్ బాక్సులు తేవద్దు, చాలా ఇబ్బందిగా ఉంటుంది. అడ్మిషన్ వచ్చాక తెస్తే అభ్యంతరం లేదు, పూతరేకులైతే మా స్టాఫ్‌రూములో అసలే అభ్యంతరం ఉండదు. రాకపోయినా ఒక ఫోన్ చేయండి. ఎక్కడ వచ్చింది, ఎక్కడ రాలేదు అన్నది వచ్చే ఏడాది మీ జూనియర్ నా టేబుల్ ముందు నిలబడ్డప్పుడు నాకు పనికొస్తుంది. 193 అమ్మాయి ఏప్రిల్లో రాత్రి పదకొండింటికి మెసేజ్ పెట్టింది, "మేడం, రెండు చోట్ల రాలేదు, మూడు చోట్ల వచ్చింది, ఏది తీసుకోను?" అని. ఆ జవాబు మాత్రం నేను మర్నాడు పొద్దున ఆలోచించుకునే ఇచ్చాను.